కొండ్రుపాలెం నీళ్ల వార్త

1974 జూలై ఎనిమిదో తేదీ, సోమవారం ఉదయం పదిన్నరకి కొండ్రుపాలెం బ్రాంచి కాలువ తలుపులు ఎత్తారు. నీళ్లు కొండ్రుపాలెం శివారు పొలాలకు చేరాయనీ, రైతులు హర్షం వ్యక్తం చేశారనీ మర్నాటి పేపర్లో వార్త వచ్చింది. నీళ్లు చేరలేదు.

ఆ వార్త రాసినవాడు పామర్రులో ఉండే బాలశౌరి. రాసింది ఆదివారం మధ్యాహ్నం, చర్చిలో పూజ అయ్యాక ఇంటికొచ్చి, భోజనం చేసి, వసారాలో కూర్చుని.

బాలశౌరి ఏ పేపరుకూ ఉద్యోగి కాడు. విజయవాడ నుంచి వచ్చే ఒక దినపత్రికకు పామర్రు చుట్టుపక్కల వార్తలు పంపేవాడు. ఒక వారపత్రికకు తన పేరుతో వ్యాసాలు రాసేవాడు. ఇంకో మాసపత్రికలో వంటల గురించీ పిల్లల చదువుల గురించీ భార్య అమలమ్మ పేరుతో రాసేవాడు. అమలమ్మ మిషన్ స్కూల్లో టీచరు. ఆవిడ జీతం నెలనెలా వచ్చేది. అతని రాబడి అచ్చయినప్పుడు వచ్చేది.

పామర్రు నుంచి విజయవాడకు వార్త వెళ్లేది బస్సు మీద. మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతికి కవరిస్తే, అక్కడ బస్టాండులో పేపరు ఆఫీసు మనిషి అందుకునేవాడు. ఆ బస్సు దాటితే వార్త ఒకరోజు ఆలస్యం. సభలేమో బస్సు టైము చూసుకుని జరగవు. అందుకని ఆ చుట్టుపక్కల విలేకర్లంతా సభల వార్తలు ముందే రాసేసేవారు. ఆహ్వాన పత్రిక చేతికొస్తే అధ్యక్షుడెవరో, ముఖ్య అతిథి ఎవరో, వందన సమర్పణ ఎవరిదో తెలిసిపోతుంది. వాళ్లేం మాట్లాడతారో విలేకరికి కొత్త కాదు. తీరా సభ జరగకపోతే పోస్టాఫీసుకు పరుగెత్తి, ట్రంకాల్ చేసి, ఆ వార్త ఆపమని చెప్పేవారు. బాలశౌరి తన పదేళ్లలో అలా రెండుసార్లు ఆపించాడు. ఒకసారి ముఖ్య అతిథి తల్లి పోయింది. ఒకసారి వాన కురిసి పందిరి కూలింది.

కాలువ తలుపులెత్తే ఉత్సవానికి కూడా ఆహ్వాన పత్రిక అచ్చు వేశారు. పూడిక తీసి, తూములు కొత్తవి కట్టాక మొదటిసారి నీళ్లు వదలడం. పంచాయతీ సమితి ప్రెసిడెంటుగారు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ నీళ్లలో వేస్తారని అందులో ఉంది. బాలశౌరి దాన్ని ముందు పెట్టుకుని వార్త రాశాడు. ప్రెసిడెంటు మాటలు నాలుగు వాక్యాలు. కాలువల ఇంజనీరు మాటలు రెండు. చివర నీళ్లు శివారుకు చేరడం, రైతుల హర్షం. నీళ్ల వార్తలు అలాగే ముగుస్తాయి.

సోమవారం అతను పామర్రులో లేడు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్ల మీద వారపత్రిక వ్యాసం అడిగింది. కవరు తనే పట్టుకెళ్లి గవర్నరుపేటలో పేపరు ఆఫీసులో ఇచ్చి, సిటీ బస్సెక్కి ఆటోనగర్ పోయాడు. సాయంత్రం దాకా వడ్రంగుల దగ్గర, రంగులేసేవాళ్ల దగ్గర కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో పామర్రు మనిషి ఒకాయన కనిపిస్తే, తలుపులెత్తారా అని అడిగాడు. ఎత్తారన్నాడాయన. బాలశౌరి ఇంకేమీ అడగలేదు.

బుధవారం పొద్దున్నే కొండ్రుపాలెం రైతు బసవయ్య సైకిలు మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి. మూడెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. అంతకుముందు బాలశౌరి ఇంటికి ఎప్పుడూ రాలేదు. సైకిలుకు స్టాండు వేసి, చొక్కా జేబులోంచి పేపరు ముక్క తీశాడు.

"విలేకరిగారూ, ఇది మీరు రాసిందేనాండీ?"

"నేనేనండీ. రండి, కూర్చోండి."

"ఓసారి చదివిపెట్టండి. కళ్లజోడు ఇంటికాడ మర్చిపోయా."

బాలశౌరి చదివాడు. చివరి వాక్యం దగ్గర బసవయ్య చెయ్యెత్తాడు.

"హర్షం అంటే ఏంటండీ?"

"సంతోషం."

"ఆఁ. నేనూ అదే అనుకున్నా. నిన్న సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి అడిగానండీ, ఎవడ్రా మనూళ్లో హర్షం చేసిందని. ఒక్కడూ ఒప్పుకోవట్లేదు."

లోపల అమలమ్మ కేరేజీ సర్దుతోంది. గిన్నెల చప్పుడు ఆగింది.

"నీళ్లు రాలేదా?" అన్నాడు బాలశౌరి.

"కాలవలో మా మేకలు తిరుగుతున్నాయండీ. గడ్డి మేసి, అటునించటే అవతలి గట్టుకెక్కుతున్నాయి."

"ఆఫీసులో చెప్పారా?"

"చెప్పకేం. పదిమందిమి పోయి అర్జీ ఇచ్చాం. ఇంజనీరుగారు ఈ ముక్కే బల్ల మీద పెట్టారు. నీళ్లొచ్చాయని పేపర్లో పడింది కదయ్యా, మళ్లీ ఏం నీళ్లు అన్నారు. పేపర్లో వచ్చినయ్యండీ, కాలవలో రాలేదు అన్నాం. నవ్వారు గానీ పని కాలా."

ఆ యేడు వానలు వెనకపట్టాయి. కాలువలకు వంతులు పెట్టారు. కొండ్రుపాలెం బ్రాంచి వంతు సోమవారం నుంచి శుక్రవారం సాయంత్రం దాకా. తర్వాత తలుపులు దించి నీళ్లు పక్క బ్రాంచికి మళ్లిస్తారు. మళ్లీ వంతు పక్షం రోజులకు. కొండ్రుపాలెం వాళ్లు జూన్‌లో పడ్డ జల్లులకే ఆకు పోశారు. వరినారును అక్కడ ఆకు అంటారు. అది జానెడు లేచింది. ఈ వంతులో తడి అందకపోతే ఆకు ఎండుతుంది. ఆకు లేకపోతే ఊడుపులు లేవు. మళ్లీ విత్తనం కొని పోసుకున్నా అది అందివచ్చేసరికి అదును దాటిపోతుంది.

ఇదంతా బసవయ్య చెప్పలేదు. చెప్పక్కర్లేదు. బాలశౌరి అలాంటివి పదేళ్లుగా రాస్తున్నాడు.

"ఎగువన ఎవరైనా అడ్డుకట్ట వేశారా?"

"మీరే వచ్చి చూడండి. నేను చెప్తే మీరు రాశారనుకోండి, రేపు ఇంకోడొచ్చి ఇట్టాగే ముక్క చూపిస్తాడు."

బసవయ్య మజ్జిగ తాగి అరుగు మీద కూర్చున్నాడు. బాలశౌరి చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్లాడు. అమలమ్మ గొంతు తగ్గించి అంది:

"మీరు రాసినట్టే జరగాలంటే దేవుడు కూడా మధ్యాహ్నం బస్సుకే రావాలి."

"అందరూ అలాగే రాస్తారు అమలా."

"అందరింటికీ వచ్చాడా ఆ రైతు? మనింటికొచ్చాడు." ఆవిడ కేరేజీ తీసుకుని స్కూలుకు వెళ్లిపోయింది.

ఇద్దరూ రెండు సైకిళ్ల మీద కాలువ గట్టెంట వెళ్లారు. తలుపుల దగ్గర నీళ్లు నిండుగా ఉన్నాయి. సోమవారం కొట్టిన కొబ్బరికాయల పెంకులు గట్టు మీద ఉన్నాయి. నెమలిమాడ అనే ఊరి దాకా నీళ్లు అదే మట్టంలో వెళ్లాయి. అక్కడ తాటిమొద్దులు అడ్డం వేసి, ఇసక బస్తాలు పేర్చి కాలువకు కట్ట కట్టారు. దానికి అవతల ఇంకోటి. ఆ తర్వాత మూడోది. కట్టకొక ఆయిలింజను నీళ్లు తోడి పొలాల్లోకి పోస్తోంది. మూడో కట్ట దాటాక కాలువ అడుగున తడి ఉంది. ఇంకొంత దూరం పోయాక అదీ లేదు.

నెమలిమాడ సమితి ప్రెసిడెంటుగారి ఊరు. మూడో కట్టకు ఆనుకుని ఉన్న పొలం ఆయనది.

తలుపులు ఎత్తి దించే లస్కరు జక్కయ్య మూడో కట్ట దగ్గరే గొడుగు కింద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. వీళ్లను చూసి లేచాడు.

"జక్కయ్యా, ఈ కట్టలు నీకు కనపడలేదా?" అని అడిగాడు బాలశౌరి.

"కనపడ్డాయండి."

"మరి?"

"కనపడ్డాయంటే తియ్యాలి కదండీ. తీస్తే నన్ను తీసి ఇక్కడ అడ్డం వేస్తారు."

బసవయ్య నవ్వాడు. "వీడికంటే తాటిమొద్దు నయమండీ, నీళ్లకు అడ్డమైనా నిలబడుద్ది" అన్నాడు.

"అంతేలే బసవయ్యా, నువ్వు రైతువి. అర్జీ ఇస్తావు, ఇంటికి పోతావు. నేను రోజూ ఈ గట్టు మీదే తిరగాలి."

"సోమవారం నీళ్లు ఎందాకా వెళ్లాయి?" అన్నాడు బాలశౌరి.

"కొండ్రుపాలెం దాకా అని పేపర్లో రాశారంటగా?"

"అది రాసింది నేనే."

"అయితే నన్ను అడుగుతారేంటండీ?" అన్నాడు జక్కయ్య. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

చివరికి చెప్పాడు. తలుపులెత్తే ముందురోజే కట్టలు వేశారు. ఉత్సవం నాడు కొబ్బరికాయ కొట్టినవాళ్లంతా కార్లలో తిరిగి వెళ్లారు గానీ గట్టెంట ఎవరూ రాలేదు. నీళ్లు మూడో కట్ట దాటలేదు.

కొండ్రుపాలెంలో బసవయ్య ఆకుమడి ఊరికి ఉత్తరాన, కాలువ తూము పక్కనే ఉంది. ఆకు కొసలు పండుబారాయి. మడి నెర్రెలిచ్చింది. బాలశౌరి వేలు పెడితే మొదలంటా దిగింది. గట్టు మీద నలుగురు ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. మంచినీళ్ల గుంట నుంచి మోసి మడిలో చిలకరిస్తున్నారు. వాళ్లలో శౌరమ్మ బాలశౌరిని గుర్తుపట్టింది. ఆవిడది ఆ ఊరి క్రైస్తవపేట. గుణదల తిరనాళ్లలో అమలమ్మను ఎరుగును.

"స్తోత్రం బాబూ. చూట్టానికొచ్చారా?"

"చూడ్డానికే."

"రైతుల సంగతి సరే. ఊడుపుల్లేకపోతే మా పేటలో ఒక్కళ్లకీ పనుండదు. మీరు రాసిందేదో చెరిపెయ్యకూడదా?"

"అచ్చయింది చెరపడం కుదరదమ్మా."

"అయితే మళ్లీ రాయండి. రాసేవాళ్లకి అదో పనా?"

బసవయ్య ఆవిణ్ణి ఊరుకోమన్నట్టు చూశాడు. శౌరమ్మ బిందె నడుమున పెట్టుకుని గుంట వైపు వెళ్లింది.

ఆ మధ్యాహ్నమే బాలశౌరి ఇంజనీరు ఆఫీసుకు వెళ్లాడు. ఇంజనీరు కుర్రవాడు. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. అర్జీ బల్ల మీదే ఉంది. దానికి పేపరు ముక్క గుండుసూదితో గుచ్చి ఉంది.

"మీరే వచ్చారు, మంచిది" అన్నాడు ఇంజనీరు. "పైవాళ్లు పేపరు చూసి సంతోషించారు. శివారుకు నీళ్లు చేరాయి కాబట్టి శుక్రవారం తలుపులు దించి పక్క బ్రాంచికి వదలమని రాతకోతలు కూడా అయిపోయాయి."

"చేరలేదు. నేను చూసి వస్తున్నాను."

"నేనూ చూశానండీ. నిన్న సాయంత్రం జీపు వేసుకుని వెళ్లాను."

"మరి చేరలేదని పైకి రాయచ్చుగా?"

ఇంజనీరు కుర్చీ వెనక్కి వాలాడు. "చేరలేదని రాస్తే ఎందుకు చేరలేదో రాయాలి. కట్టలున్నాయని రాయాలి. ఎవరివో రాయాలి. అది రాసిన నాడే నా ట్రాన్స్‌ఫర్ ఆర్డరు టైపవుతుంది. అదే పేపర్లో వచ్చిందనుకోండి, పేపర్లో వచ్చింది కాబట్టి విచారించాను, నిజమే, అని రాస్తాను. అప్పుడు తలుపులు ఇంకో రెండు రోజులు ఎత్తి ఉంచడానికి నాకు ఆధారం ఉంటుంది."

"శివారుకు నీరందడం లేదని ఇవాళే రాసి పంపిస్తాను."

"అది చాలదు. మొన్న చేరాయి, ఇవాళ చాలడం లేదంటున్నారు, రైతులకు ఎన్నిచ్చినా ఇంతే అంటారు. మంగళవారం నాటి వార్త తప్పని రావాలి. మీ పేపర్లోనే రావాలి." ఇంజనీరు ఆగి, "మీకు ఇబ్బంది అనుకుంటాను" అన్నాడు.

శుక్రవారం పేపర్లో వస్తే సరిపోతుందా అని అడిగాడు బాలశౌరి. పొద్దున్న చేతికందితే సరిపోతుందన్నాడు ఇంజనీరు.

ఇబ్బంది ఏమిటో బాలశౌరికి తెలుసు. ఆ పేపరు ఎడిటరుకు ఒక పద్ధతి ఉంది. పేరు తప్పు పడినా, అంకె తప్పు పడినా మందలించి ఊరుకుంటాడు. చూడకుండా రాశానని ఒప్పుకున్న విలేకరి కవరు మాత్రం ఆ ఆఫీసులో మళ్లీ తెరవరు. అంతకుముందు ఇద్దరి విషయంలో అలా జరిగింది. ముందే రాస్తారని ఆఫీసులో అందరికీ తెలుసు. కాగితం మీద ఒప్పుకున్నవాళ్లు ఆ ఇద్దరే.

ఆ సాయంత్రం అమలమ్మ స్కూలు పిల్లల కాంపోజిషన్లు దిద్దుతుంటే అతను సంగతి చెప్పాడు.

"వారపత్రిక ఉంటుందా?" అని అడిగింది.

"ఉంటుంది. వాళ్లు వేరు."

"నా పేరు మీద రాసేదో?"

"అదీ ఉంటుంది."

"అయితే ఇకనించీ ఈ ఇంట్లో నేనే పెద్ద రచయితని." ఆవిడ ఇంకో నోట్సు తీసింది. కాసేపు దిద్దింది. "పదేళ్లు విలేకరిగారి భార్యనని కొట్లో కూడా నాకు ముందు తూచేవారు. ఇప్పుడు వరసలో నిలబడాలి కాబోలు" అంది. పొద్దున బస్సుకు అతని చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది.

గురువారం మధ్యాహ్నం గవర్నరుపేటలో పేపరు ఆఫీసు మేడ మీద వెంకటసుబ్బారావు ఒక్కడే ఉన్నాడు. జిల్లా వార్తలు చూసే సబెడిటరు. బాలశౌరి కంటే పదిహేనేళ్లు పెద్ద. బాలశౌరి మొదటి వార్త దిద్దింది ఆయనే. సభ వార్త ఆహ్వాన పత్రిక చూసి ఎలా రాయాలో చెప్పిందీ ఆయనే.

"రావయ్యా శౌరీ. ఆటోనగర్ వదిలిపెట్టలేదా నువ్వు?"

"సవరణ వెయ్యాలండీ."

"ఎవరి పేరు తప్పు పడింది?"

"పేరు కాదు. నీళ్లు."

వెంకటసుబ్బారావు మంగళవారం పేపరు తీసి వార్త చదివాడు. బాలశౌరి చెప్పింది విన్నాడు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"ముందే రాశావు. అందరూ ముందే రాస్తారు. నువ్వు రాసింది తప్పు కాదయ్యా, నీళ్లు రాకపోవడం తప్పు."

"నీళ్లు సవరణ వెయ్యవు కదండీ."

"మాటలకేం తక్కువ లేదు. ఇలా విను. శివారుకు నీరందక రైతుల ఆవేదన అని కొత్త వార్త రాయి. అడ్డుకట్టలు రాయి, ఇంజన్లు రాయి. ప్రెసిడెంటు పేరు తప్ప అన్నీ రాయి. రేపు మొదటి పేజీలో పెట్టిస్తాను. మంగళవారం హర్షం, శుక్రవారం ఆవేదన. రైతుల బతుకు అంతేగా అనుకుంటారు చదివేవాళ్లు."

బస్సులో బాలశౌరి కూడా అలాగే అనుకున్నాడు. అలా ఒక వార్త రాసి జేబులో పెట్టుకున్నాడు కూడా. ఇంజనీరు మాటలు చెప్పాడు. వెంకటసుబ్బారావు తల పంకించాడు.

"వాడు చెప్పింది నిజమే. సర్కారు భాష వాడికి తెలుసు. అయితే ఒకటి చెప్పు. పక్క ఊళ్ల విలేకర్లు వారానికి నాలుగు ఇలాంటివి పంపుతారు. నీ ఒక్కడి మెడకే ఎందుకు ఇది?"

"వాళ్లు రాసిన సభలు జరిగాయి."

"ఎడిటరుగారు నన్ను అడుగుతారు, ఎవడు పంపాడని."

"చెప్పండి."

"చెప్తాను. చెప్పక తప్పుతుందా? ఆ తర్వాత నువ్వు కవరిచ్చి, కండక్టరు తెచ్చిచ్చి, ఇక్కడ బంట్రోతు తిప్పి పంపితే నన్ను తిట్టుకోకు."

బాలశౌరి ఆ బల్ల దగ్గరే కూర్చుని రాశాడు. నాలుగు వాక్యాలు.

"ఈ నెల తొమ్మిదో తేదీ సంచికలో కొండ్రుపాలెం శివారు పొలాలకు నీరు చేరినట్టు ప్రచురించిన వార్త నిజం కాదు. ఆ వార్త నీరు వదలడానికి ముందు రాసినది. నీరు వదిలిన రోజు విలేకరి అక్కడ లేడు. పదో తేదీన విలేకరి వెళ్లి చూసేసరికి నీరు నెమలిమాడ వద్ద కాలువకు వేసిన మూడు అడ్డుకట్టల దగ్గర ఆగి ఉంది."

వెంకటసుబ్బారావు చదివి, ఎర్ర పెన్సిలుతో రెండో వాక్యం, మూడో వాక్యం కొట్టేశాడు.

"ఇవి లేకపోతే పొరపాటు ఎవరిదో ఎవరికీ తెలియదు. అచ్చు తప్పనుకుంటారు. సవరణ వచ్చినట్టూ ఉంటుంది, నువ్వు బతికినట్టూ ఉంటుంది."

బాలశౌరి మిగిలిన రెండు వాక్యాలు చదువుకున్నాడు.

"ఇలా వేస్తే, పదో తేదీన చూసి ఎనిమిదో తేదీ సంగతి ఎలా తెలుసంటారండీ. మొదట చేరాయి, తర్వాత ఆగాయి అంటారు. ముందు వార్త ఎవరూ చూసి రాసింది కాదు. ఆ సంగతి మీరు కొట్టేసిన రెండు వాక్యాల్లోనే ఉంది."

"వ్యాకరణం నాకు చెప్తున్నావా?"

"లేదండీ. కాలువ సంగతి చెప్తున్నాను."

కింద ప్రెస్సులో ఎవరో కంపోజిటరు మేటరు కోసం కేక వేశాడు. వెంకటసుబ్బారావు వస్తోందని జవాబిచ్చాడు. కొట్టేసిన వాక్యాల కింద వరసగా చుక్కలు పెట్టాడు. కొట్టేసింది ఉంచమనడానికి ఆ ఆఫీసులో గుర్తు అదే. కాగితం ప్రెస్సుకు దించే బుట్టలో వేసి తాడు వదిలాడు. బుట్ట కిందికి దిగింది.

"కాఫీ తాగి వెళ్లు" అన్నాడు.

ఇద్దరూ కింద హోటల్లో కాఫీ తాగారు. డబ్బులు వెంకటసుబ్బారావు ఇచ్చాడు. మాట్లాడింది ఆయన మోకాళ్ల నొప్పుల గురించి.

శుక్రవారం పేపర్లో అయిదో పేజీలో, సినిమా ప్రకటనల కింద సవరణ వచ్చింది. నాలుగు వాక్యాలూ ఉన్నాయి. బాలశౌరి పేపరు తీసుకుని ఆఫీసు తెరిచేసరికి వెళ్లాడు. ఇంజనీరు అప్పటికే ఆ ముక్క కత్తిరించి అర్జీకి గుచ్చాడు. పాత ముక్క కింద ఉంది, కొత్తది పైన ఉంది. "విలేకరి అక్కడ లేడు" అన్నచోట గీత గీసి ఉంది.

"ఇది చాలు" అన్నాడు ఇంజనీరు. జీపులో బందరులోని పైఆఫీసుకు వెళ్లాడు. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాడు. తలుపులు ఆదివారం సాయంత్రం దాకా దించవద్దనీ, అడ్డుకట్టలు తీయించమనీ ఉత్తర్వు తెచ్చాడు.

శనివారం పొద్దున ఇద్దరు కానిస్టేబుళ్లు, ఎనిమిది మంది కూలీలు, జక్కయ్య నెమలిమాడ వెళ్లారు. మొదటి రెండు కట్టలు విప్పేశారు. మూడో కట్ట దగ్గర ప్రెసిడెంటుగారి పాలేళ్లు వచ్చి నిలబడ్డారు. గంటసేపు మాటలు జరిగాయి. చివరికి మూడు తాటిమొద్దులు మాత్రం లాగి గండి పెట్టారు. మిగతా కట్ట అలాగే ఉంది. గండిలోంచి నీళ్లు దిగువకు పారాయి.

బాలశౌరి గట్టు మీద నిలబడి ఇదంతా చూశాడు. ఇంటికొచ్చి వార్త రాశాడు. కవరు మధ్యాహ్నం బస్సుకు ఇచ్చాడు. సాయంత్రం బస్సు పామర్రు సెంటర్లో ఆగినప్పుడు కండక్టరు కవరు తిరిగి ఇచ్చాడు.

"ఆఫీసు మనిషి తీసుకోలేదండీ. పామర్రు కవర్లు వద్దన్నారంట. మీతో ఏమైనా గొడవాండీ?"

"గొడవేం లేదు."

"ఇంకేదైనా పేపరు చూసుకోండి. కవర్లు మోసే బాధ్యత నాది." కండక్టరు విజిలు వేశాడు.

ఆదివారం పూజ అయ్యాక బాలశౌరి సైకిలు తీసి కొండ్రుపాలెం వెళ్లాడు. ఊరి మగవాళ్లు చాలామంది తూము దగ్గర ఉన్నారు. కొందరు పారలతో మళ్లకు నీరు పారే బోదెలు చెక్కుతున్నారు. బసవయ్య గట్టు మీద కూర్చుని ఎగువకు చూస్తున్నాడు. బాలశౌరిని చూసి పక్కన చోటిచ్చాడు.

"పేపరు చూశానండీ. కళ్లజోడు పెట్టుకునే చూశా."

బాలశౌరి సైకిలు గట్టున పడుకోబెట్టి కూర్చున్నాడు.

"మా వాళ్లు కొందరు, వీడికిదేం పొయ్యేకాలం, తనే ఒప్పుకున్నాడు అన్నారు. నేను కాదన్లా." బసవయ్య ఒక మట్టిపెళ్ల చిదిపి కాలువలో వేశాడు. "ఇవాళ కూడా రాస్తారా?"

"రాయడానికి పేపరు లేదు. చూడ్డానికి వచ్చాను."

"చూడండి మరి. ఊరికే చూడ్డానికైతే మాతో పాటే."

ఎగువ నుంచి ముందు చెత్త వచ్చింది. ఎండుటాకులు, నురగ, ఒక తెగిన చెప్పు. వాటి వెనక చీలమండలోతు నీళ్లు. పొద్దు పడమటికి తిరిగే వేళకు అవి కొండ్రుపాలెం తూము దాటాయి. బోదెలు తవ్వేవాళ్లు కాలువలోకి దిగారు. మొదటి బోదె ఎవరిదన్న దాని మీద ఇద్దరు పోట్లాడుకున్నారు. బసవయ్య లేచి వెళ్లి తన మడికి గండి పెట్టాడు.

నీళ్లు సన్నగా పారాయి. ఉత్తరం వైపు మళ్లు ఒక్కొక్కటే తడిశాయి. శౌరమ్మ, మిగతా ఆడవాళ్లు బిందెలు పక్కన పెట్టి, చివరి బోదె కొస దాకా నడిచి వెళ్లారు. అక్కడికి నీళ్లు ఇంకా రాలేదు.

ఆరు గంటలకు జక్కయ్య ఎగువన తలుపులు దించాడు. కాలువలో ఉన్న నీరు చీకటి పడేదాకా పారింది. కొండ్రుపాలెం ఆకుమళ్లలో ఉత్తరం వైపువి, బసవయ్యదానితో కలిపి, అన్నీ తడిశాయి. దక్షిణం వైపు పదకొండు మళ్లకు నీళ్లు అందలేదు.